ఎలుగప్ప గోక్కున్న చెవి

"ఆ టైములో ఎక్కడున్నావో చెప్పడానికి ఇంతసేపు ఎందుకమ్మా? అబద్ధం అల్లుకోవడానికి కాకపోతే?"

పద్మనాభం గొంతు తలుపు బయటికి వినిపిస్తోంది. ఓబులేష్ తలుపు తట్టలేదు. తోసుకుని లోపలికి వెళ్ళి, ఎవరూ కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నాకొక టీ చెప్పు పద్మనాభం," అన్నాడు.

ఓబులేష్‌కి కోపం వస్తే ముందు టీ అడుగుతాడు. ఆ సంగతి పద్మనాభానికి బాగా తెలుసు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే పోలీస్ స్టేషన్లో పక్కపక్క కుర్చీల్లో పనిచేసినవాళ్ళే. ఓబులేష్ ఉద్యోగం వదిలేసి బెంగళూరు నగర్తపేటలో ఒక జరీ కొట్టు మీద ఒంటిగది ఆఫీసు పెట్టి ప్రైవేటు డిటెక్టివ్ అయ్యాడు. పద్మనాభం ఉద్యోగం వదిలేసి బెళ్ళందూరు ఆఫీసులకు కాపలా కాసే సెక్యూరిటీ కంపెనీ పెట్టాడు. ఈ యానిమేషన్ స్టూడియో కాపలా కూడా అతనిదే. ఓబులేష్‌కి స్కూటర్ మిగిలింది, పద్మనాభానికి తెల్లకారు వచ్చింది. దానితోపాటు నుదుట గంధం బొట్టూ, మాటకు ముందొక శ్లోకం ముక్కా వచ్చాయి.

"నిన్నెవరు పిలిచారు?" అన్నాడు పద్మనాభం.

"ఆశమ్మ పిలిచింది. ఇక్కడ యానిమేషన్ హెడ్డు. మీ ఓనరు కూడా సరే అన్నాడు. అనుమానముంటే పోయి అడుగు."

అప్పుడు చూశాడు ఓబులేష్ ఆ పిల్లను. ఇరవై నాలుగేళ్ళుంటాయేమో. పేరు మేఘన. చున్నీ కొసను వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టుకుంటోంది. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది, కళ్ళు మాత్రం ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఇలాంటి ముఖాలు అతను స్టేషన్లో చాలా చూశాడు. సగం మంది తప్పు చేసినవాళ్ళు, సగం మంది చేయనివాళ్ళు. ముఖాన్ని బట్టి చెప్పడం అతనికెప్పుడూ చేతకాలేదు. అందుకే ముఖాలు చూడ్డం మానేసి చేతులు చూస్తాడు.

టేబుల్ మీద పద్మనాభం ముందు గులాబీ రంగు కవరున్న ఫోనొకటి ఉంది.

"ఈ ఫోనెవరిది?"

"ఆ అమ్మాయిది. ఎవిడెన్స్."

"ఏ చట్టం కింద తీసుకున్నావు? నువ్వు ఖాకీ విప్పి చాలా కాలమైంది కదప్పా. ఇప్పుడు నువ్వూ నేనూ ఒకటే, సుమ్నే, ఉత్త మామూలు మనుషులం. ఒక ఆడపిల్ల ఫోన్ లాక్కుని, గదిలో కూర్చోబెట్టి, తలుపేస్తే దాన్ని ఏమంటారో నీకు తెలుసు. పోలీసులు నాలుగ్గంటలకు వస్తారంట కదా? వచ్చినాక మొదటి కంప్లైంట్ నీ మీదే ఇప్పిస్తా."

పద్మనాభం పళ్ళు కొరికాడు. ఫోన్‌ను వేలితో మేఘన వైపు తోసి లేచాడు. "లాగిన్ ఆమెది, మెషీన్ ఆమెది, పాస్‌వర్డ్ ఆమెది. నాలుగింటి దాకా నీ ఇష్టం. ఎంత గింజుకున్నా ఇక్కడ నీకు దొరికేదేమీ లేదు."

తలుపు దడాలున మూసుకుంది. టీ మాత్రం రాలేదు.

*

కేసు ఇదీ. మిణుగురు యానిమేషన్ స్టూడియో పిల్లల కోసం ఒక సీరియల్ తీస్తోంది. అందులో హీరో ఎలుగప్ప అనే ఎలుగుబంటి. ఎడమ చెవి చిరిగి ఉంటుంది, సిగ్గేస్తే ఆ చెవి గోక్కుంటాడు. సీరియల్ ఇంకా బయటికి రాలేదు. అంతలోనే పోయిన వారం ఆన్‌లైన్‌లో ఒక కారప్పూస ప్రకటనలో ఎలుగప్ప ప్రత్యక్షమై డాన్స్ చేశాడు. అదే పొట్ట, అదే నడక, చివర్లో అదే సిగ్గు. లాయరు నోటీసు వెళ్ళగానే ప్రకటన తీసినవాళ్ళు భయపడి, మేము ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరో కొన్నామని చెప్పి, కొన్న ఫైలును కూడా పంపించేశారు. అమ్మినవాడిది దొంగపేరు. స్టూడియోలో వెతికితే పదిహేను రోజుల కిందట, మధ్యాహ్నం ఒంటిగంటా పదికి, మేఘన కంప్యూటర్ నుంచి ఎలుగప్ప బయటికి వెళ్ళినట్టు తేలింది.

నాలుగింటికి పోలీసులు వచ్చి తీసుకెళితే, తర్వాత ఏం తేలినా ఆ పిల్లకు ఈ ఊళ్ళో ఏ స్టూడియో మళ్ళీ కుర్చీ ఇవ్వదు. ఇప్పుడు రెండు దాటింది.

"చెప్పుమా," అన్నాడు ఓబులేష్. "ఆ ఒంటిగంటా పదికి యాడుండావు?"

"మెట్ల మీద సార్. నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్యలో."

"ఏం చేస్తా ఉండినావు?"

మేఘన చున్నీ కొసను మళ్ళీ వేలికి చుట్టుకుంది. "చెప్తే ఇంకా నా మీదికే వస్తాది సార్."

"రానీ. వచ్చినాక చూద్దాం."

"ఇంటర్వ్యూ సార్. వేరే స్టూడియోకి, ఫోన్‌లో. మా డిపార్ట్‌మెంట్ క్లోజ్ చేస్తారని టాక్ ఉండాది. ఇన్నాళ్ళూ ఒక సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తాఉండాం. వచ్చే నెల నుంచి స్టూడియో అంతా కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారతాదంట. పాత పిల్లోళ్ళు ఎందుకని... మడివాళలో పీజీ హాస్టల్లో ఉండా సార్ నేను. ఉద్యోగం పోతే ఆ రోజే మంచం ఖాళీ చేయమంటారు."

ఓబులేష్ నవ్వాడు. జాలితో వచ్చిన నవ్వు అది. నిజం చెబితే ఇంకా దొంగలా కనిపించే మనిషి! ఇలాంటి సాక్ష్యం పద్మనాభం చెవిన పడితే పండగ చేసుకుంటాడు.

"తిరిగొచ్చినప్పుడు నీ సీటు దగ్గర ఏమన్నా తేడాగా ఉండిందా?"

"పెన్ను సార్." వెంటనే చెప్పింది. "నాది ఎడమచేతి వాటం. బొమ్మ గీసే ట్యాబ్లెట్, పెన్ను రెండూ ఎడమ పక్కనే పెట్టుకుంటా. వచ్చి చూస్తే కుడి పక్కకు జరిగి ఉండాయి. ఊడ్చేవాళ్ళు జరిపినారేమో అనుకున్యా."

"పద, ఆ సీటు చూద్దాం."

*

మేఘన సీటు గది మూలన ఉంది. కెమెరా తలుపును చూస్తుందే గానీ మూలను చూడదు. ఆ మధ్యాహ్నం భోజనాల వేళ గదిలోకి వచ్చినవాళ్ళు, పోయినవాళ్ళు డజను మంది. అందులో ఎవరైనా కావచ్చు.

ఆశ అక్కడే నిలబడి ఎదురుచూస్తోంది. పాత బెంగళూరు తెలుగువాళ్ళ ఇంటి ఆడపడుచు. నలభై దాటినా వెన్ను నిటారుగా ఉంటుంది. ఆదివారాలు పిల్లలకు నాట్యం నేర్పుతుందట. కంప్యూటర్ ముందు కూర్చుని ఎలుగప్పను ఆడించే కుర్రాళ్ళకు ఏ కదలికైనా ముందు తనే చేసి చూపిస్తుందట. మేఘనను చూడగానే దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఏమైనా తెలిసిందా సార్?"

"ఇంకా లేదమ్మా. ముందు నాకు అసలు పోయిందేమిటో అర్థం కావాల. బొమ్మ పోయిందంటారు, రిగ్గు పోయిందంటారు. ఈ రిగ్గంటే ఏమి?"

మేఘన స్క్రీన్ మీద ఎలుగప్పను తెరిచింది. ఓబులేష్ వచ్చాక మొదటిసారి ఆమె ముఖంలో కొంచెం రక్తం కనిపించింది.

"పైన కనిపించేది చర్మం సార్. లోపల ఎముకల గూడు ఉంటాది, చూడండి. ఈ ఎముకలను లాగే తాళ్ళు ఉంటాయి, ఈ రంగురంగుల రింగులు. రింగు పట్టుకుని లాగితే చెయ్యి లేస్తాది. ఇదంతా కలిపితే రిగ్గు. ఎలుగప్పకు కట్టింది నేనే."

"దీన్ని వేరే సాఫ్ట్‌వేర్‌కు తీసుకుపోతే?"

"అదే సార్ పెద్ద తలనొప్పి. ఎముకలు వస్తాయి, చర్మం వస్తాది, ఆడించిన కదలిక కూడా రికార్డయి వస్తాది. తాళ్ళు మాత్రం రావు. ఇల్లు మారినప్పుడు మంచాలొస్తాయి, గోడకు కొట్టిన మేకులు రావు కదా, అట్ల. అక్కడ తాళ్ళు మళ్ళీ కట్టుకోవాల. కట్టేముందు ఆ సాఫ్ట్‌వేర్ అడుగుతాది, ఈ ఎముకల్లో ఎడమవి ఏవి, కుడివి ఏవి అని. మనమే చెప్పాల."

"తప్పు చెప్తే?"

"ఈ చేతి కదలిక ఆ చేతికి పోతాది."

ఓబులేష్ జేబులోంచి తన ఫోన్ తీసి కారప్పూస ప్రకటన పెట్టాడు. పొద్దున్నుంచి పదిసార్లు చూశాడు దాన్ని. ఏదో ఎబ్బెట్టుగా ఉందని ప్రతిసారీ అనిపించింది, ఏమిటో అంతు చిక్కలేదు. పక్కనే స్టూడియో వాళ్ళ అసలు షాట్ పెట్టమన్నాడు.

అసలు షాట్లో ఎలుగప్ప సిగ్గుపడి, ఎడమ చెయ్యి ఎత్తి, చిరిగిన ఎడమ చెవి గోక్కున్నాడు. ప్రకటనలో అదే ఎలుగప్ప కుడి చెయ్యి ఎత్తి, బాగున్న కుడి చెవి గోక్కున్నాడు. చిరిగిన చెవి అలాగే ఎడమ పక్కన అనాథలా వేలాడుతోంది.

"అయ్యో!" అంది మేఘన. తన మీదున్న నేరం కూడా మరిచిపోయి కోపంగా స్క్రీన్ దగ్గరికి వంగింది. "ఎవడు సార్ వీడు? తిరగేసి కట్టినాడు!"

"తిరగేయడానికి కారణం ఏమి? ఎముకల మీద పేర్లు ఉండవా?"

"ఉంటాయి సార్. అవి లోపల ఉంటాయి. ఆడించేవాళ్ళకు రింగులే కనిపిస్తాయి, పేర్లు కనిపించవు. బయటికి తీసినప్పుడే కనబడేది." ఆమె ఒక ఎముకను నొక్కింది. పేరు చివర D అని ఉంది. దానికి ఎదురు పక్క ఎముకకు V అని ఉంది.

ఆశ ముఖం పక్కకు తిప్పుకుని, నీళ్ళు తాగొస్తానని వెళ్ళిపోయింది.

"అందరూ L, R పెడతారు కదా? ఇదేమి D, V?"

మేఘన సిగ్గుపడింది. "నవ్వద్దండి సార్. డైరెక్టర్ ఎడమ చెయ్యి ఎత్తమంటే, ఎలుగప్ప ఎడమా, స్క్రీన్ చూసేవాళ్ళ ఎడమా అని రోజూ రగడే. మాది మడకశిర దగ్గర పల్లె. మా నాయన చిక్కమునియప్పది సేద్యం. కాడికి కట్టిన ఎద్దుల్లో..."

"దాపటెద్దు, వలపటెద్దు!" అన్నాడు ఓబులేష్. గట్టిగానే అన్నాడు. పక్క సీట్లవాళ్ళు తిరిగి చూశారు.

"మీకు తెలుసా సార్?"

"మా తాత నాగలి పట్టినాడమ్మా. దాపట అంటే ఎడమ, వలపట అంటే కుడి. దున్నేవాడు వెనక నిలబడతాడు. వాడి ఎడమా ఎద్దు ఎడమా ఒకటే. తికమకే లేదు." ఆ మాట వినక ముప్ఫై ఏళ్ళయింది. బెళ్ళందూరులో, ఏసీ గదిలో, ఒక ఎలుగుబంటి ఎముకల మీద ఆ మాట మళ్ళీ దొరుకుతుందని కలలో కూడా అనుకోలేదు. "ఈ D, V అంటే ఏమో ఇంకెవరికన్నా చెప్పినావా?"

"లేదు సార్. సిటీలో చెప్తే నవ్వుతారని చెప్పలేదు."

నువ్వు కట్టలేదమ్మా, అనుకున్నాడు ఓబులేష్. సొంత బిడ్డను కన్నతల్లి వేరే పేరుతో పిలవదు. కానీ అది తన మనసుకు చాలు, పోలీసులకు చాలదు.

"ప్రకటనవాళ్ళు పంపిన ఫైలు నీ చేతికిస్తే ఇంకేమన్నా తెలుస్తాదా?"

"తెలుస్తాది సార్! చర్మం మీద అతికించిన పిక్చర్లు ఏ కంప్యూటర్లో, ఏ ఫోల్డర్లో ఉండేవో ఫైలు గుర్తుపెట్టుకుంటాది. నేను కట్టింది ఏదో, తర్వాత చేరింది ఏదో వేరే వాళ్ళకు తెలీదు, నాకైతే తెలుస్తాది. ఒక గంట చాలు. పొద్దున్నుంచి అడుగుతాండా, పద్మనాభం సార్ ముట్టుకోనీలేదు."

"ముట్టుకోనిస్తాడు. నువ్వు కింద ఆ సెక్యూరిటీ గదిలోనే ఉండు. నా నంబర్ ఫోన్‌లో వేసుకో, నీది నాకియ్యి, ఏమన్నా ఉంటే మెసేజ్ చెయ్యి."

*

స్టూడియో ఓనరు వెంకటరమణ విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. చెడ్డవాడు కాదు, హడలిపోయి ఉన్నాడు, అంతే. సీరియల్ కొన్న విదేశీ కంపెనీ పొద్దున్నుంచి అతన్ని ఫోన్లో కాల్చుకు తింటోంది.

"దొంగ దొరికిందని చెప్పకపోతే కాంట్రాక్టు పోతుందండీ. కాంట్రాక్టు పోతే ఈ ఫ్లోర్లో ఒక్కరికీ ఉద్యోగం ఉండదు. నన్నేం చేయమంటారు?" అంటున్నాడు పద్మనాభంతో.

"మీరేమీ టెన్షన్ పడొద్దు సార్," అన్నాడు పద్మనాభం. "ఇన్నేళ్ళుగా మీకు దక్షిణ హస్తంలా ఉన్నా. నాలుగింటికి అంతా అయిపోతుంది."

ఓబులేష్ తలుపు దగ్గరే ఆగిపోయాడు. దక్షిణ హస్తం. కుడి చెయ్యి. D అంటే దక్షిణం! అయితే V అంటే వామం! సంస్కృతం వచ్చినవాడు ఎవడైనా ఆ రెండక్షరాలూ చూస్తే అడగాల్సిన పనే లేదు, అర్థమైపోయింది అనుకుంటాడు. సరిగ్గా తిరగేసి అర్థం చేసుకుంటాడు!

గంధం బొట్టు వైపు చూసి లోపలికి వెళ్ళాడు. ఆశ కూడా అక్కడే, కిటికీ పక్కన నిలబడి ఉంది.

రెండు వీడియోలూ చూపించి, చెవి సంగతి చెప్పాడు. వెంకటరమణ నోరు తెరిచాడు. పద్మనాభం మాత్రం చప్పట్లు కొట్టాడు.

"భలే! ఆ అమ్మాయే కావాలని తిరగేసింది. తన మీదికి రాకుండా ఉండాలని."

"తన మీదికి రాకూడదనుకునేది తన లాగిన్‌తో ఎందుకు తీస్తాదప్పా? కష్టపడి చెవి మార్చేది, వేరేవాళ్ళ లాగిన్ వాడేదానికి తెలివి లేకపోయిందా?"

ఓబులేష్ ఆగలేదు.

"సరే, నువ్వే చెప్పు. D అంటే ఏమి, V అంటే ఏమి? ఎముకల చివర ఉండే అక్షరాలు."

"నాకేం తెలుసు? డేటా, వీడియో. ఏదైతే ఏం?" విసుగు తప్ప ఆ కళ్ళలో ఇంకేమీ లేదు. నటిస్తే ఓబులేష్‌కి తెలిసిపోయేది. ఈ మనిషి నటించడం ఎలా ఉంటుందో ఏళ్ళ తరబడి చూశాడు.

ఓబులేష్ గతుక్కుమన్నాడు. ఇతను కాదు. ఎలుగప్పకు తాళ్ళు కట్టిన చెయ్యి ఇతనిది కాదు. పంతం పోతోందన్న ఉక్రోషంతో, ఆలోచించకుండా నోరు జారాడు. "నీకు తెలియకపోయినా ఫర్వాలేదు పద్మనాభం. ప్రకటనవాళ్ళు పంపిన ఫైల్లో అది ఏ కంప్యూటర్లో ఉండిందో అడ్రస్ ఉంటాదంట. దాన్ని తీయగలిగేది మేఘన ఒక్కతే. గంటలో తీస్తానంది."

పద్మనాభం గడియారం చూసుకున్నాడు. "తీయించుకో. నాకొక కాల్ ఉంది," అని బయటికి వెళ్ళాడు.

ఓబులేష్ ఆశ వైపు తిరిగాడు. గొంతు తగ్గించి, ఇంట్లో అక్కతో మాట్లాడినట్టు అడిగాడు.

"అమ్మా, పిల్లోళ్ళకు మీరే చేసి చూపిస్తారంట కదా. ఎలుగప్ప V చెయ్యి ఎత్తితే ఎట్లుంటాదో ఒకసారి చూపించండి."

ఆశ ఎడమ చెయ్యి లేచింది. అందంగా, నాట్యంలో లేచినట్టు లేచింది. చెవి దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

వెంకటరమణకు ఏమీ అర్థం కాలేదు. ఓబులేష్ మెల్లగా అన్నాడు. "ఊహించి ఎత్తేవాళ్ళు ఒక్క క్షణం ఆలోచిస్తారమ్మా. మీ చెయ్యి ఆలోచించలేదు. ఇంతకు ముందే ఒకసారి ఆలోచించి పెట్టుకునింది."

"V అంటే... వామం కదా సార్?" అంది ఆశ. పెదవులు తెల్లబడ్డాయి.

"కాదమ్మా. వలపట. కుడి."

ఆశ కుర్చీలో కూలబడింది. దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చేసింది. కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారగానే రిగ్గుల పిల్లలందర్నీ తీసేస్తారని ఆమెకు ముందే తెలుసు. పాత రిగ్గులు కొత్త దాంట్లోకి తేవచ్చనీ, వీళ్ళను తీసేయనక్కర్లేదనీ చేసి చూపిస్తే ఓనరు మనసు మారుతుందనుకుంది. బయటికి తీసే వీలు రిగ్గులవాళ్ళ మెషీన్లకే ఉంది. మేఘన భోజనానికి వెళ్ళిందనుకుని, లాక్ వేయకుండా వదిలిన ఆ మెషీన్ ముందు కూర్చుంది.

"నన్ను అడిగుండొచ్చు కదా ఆశగారూ," అన్నాడు వెంకటరమణ.

"వద్దంటే ఏమి చేసేది సార్? మేఘనకు చెప్తే ఆ పిల్ల కూడా ఇరుక్కుంటాదని చెప్పలేదు. చెప్పకనే ఇంకా ఇరికించినాను." కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు కారనిచ్చింది. "ఇంట్లో రాత్రుళ్ళు కూర్చుని నేనే కట్టినా. పని తెలిసినదాన్ని కాదు, చెవి తిరగబడిందని కూడా చూసుకోలేదు. మీకు చూపించాలని డ్రైవులో వేసుకుని తెస్తాఉంటే గేటు దగ్గర పట్టుకున్నారు. పద్మనాభంగారు పైకి తీసుకుపోయి, గంట తర్వాత తెచ్చిచ్చినారు. మీరు కాబట్టి వదిలేస్తున్నా అన్నారు. వారం కాకముందే ఆ ప్రకటన వచ్చింది. నోరు తెరిస్తే దొంగతనం మీ మీదే పడతాదని ఆయనే అన్నారు. నా పేరు చెప్పే ధైర్యం లేదు, ఆ పిల్లను జైలుకు పోనిచ్చే మనసూ లేదు. అందుకే మిమ్మల్ని పిలిచినా సార్."

ఓబులేష్‌కి కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. ఆ గంటలో డ్రైవ్ ఎవరి కంప్యూటర్లో ఉందో, ఫైల్లోని అడ్రస్ ఎవరిదో, ఆ అడ్రస్ చదవగలిగే ఒకే ఒక్క మనిషి ఎవరో ఒక్కసారిగా మెదిలాయి. కాజేసి అమ్ముకున్నది పద్మనాభమే. ఆ మనిషి పేరు రెండు నిమిషాల కిందట ఈ గదిలో గొప్పకు పోయి బయటపెట్టింది తనే!

మెట్లు దూకుతూ కిందికి పరిగెత్తాడు, ఆశా వెంకటరమణా వెనకే దిగారు. సెక్యూరిటీ గదిలో కుర్చీ ఖాళీగా ఉంది.

"మేఘన మేడమ్‌ని స్టేషన్‌కి తీసుకుపోతున్నామని సార్ కారెక్కించుకున్నారు," అన్నాడు కాపలాదారు గురప్ప. "డ్రైవర్, సార్, మేడమ్, ముగ్గురే. ఫైలున్న డ్రైవ్ కూడా ఎవిడెన్స్ అని తీసుకున్నారు."

"ఏ స్టేషన్?"

గురప్ప తల అడ్డంగా ఊపాడు.

ఓబులేష్ మేఘనకు ఫోన్ చేయబోయి ఆగాడు. మోగితే పద్మనాభానికి తెలిసిపోతుంది. ఆ పిల్లకేమైనా అయితే తన నోరే కారణం. పోలీసులకు చెప్పమని వెంకటరమణను పురమాయిస్తుండగా చేతిలో ఫోన్ కదిలింది. మేఘన నుంచి మెసేజ్.

V

ఇంకేమీ లేదు. ఒక్క అక్షరం. చున్నీ కింద ఫోన్ పెట్టుకుని, చూడకుండా, ఎడమ బొటనవేలితో నొక్కి ఉంటుంది.

"ఆశమ్మా! కారుండాదా?"

ఆశ అప్పటికే తాళాలు తీసింది. కారు గేటు దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి అలవాటుగా ఎడమ ఇండికేటర్ వేసింది. "V అని వచ్చింది కదా సార్..."

"వలపట! వలపటమ్మా, కుడి పక్కకు!"

ఆశ స్టీరింగ్ తిప్పింది. వెనక ఆటోవాడు కన్నడలో తిట్టాడు. రోడ్డెక్కి కొంత దూరం పోయాక ఫోన్ మళ్ళీ కదిలింది.

D

"దాపట," అంది ఆశ, ఓబులేష్ నోరు తెరవకముందే. కొత్త మాటను నోట్లో జాగ్రత్తగా పెట్టుకున్నట్టు అంది. "ఎడమ. కదా సార్?"

"ఎడమేనమ్మా."

ఎడమకు తిరిగారు. సిగ్నల్ దగ్గర బళ్ళు ఆగి ఉన్నాయి. నాలుగు బళ్ళ అవతల తెల్లకారు. వెనక సీట్లో రెండు తలలు. ఒకటి పద్మనాభంది. రెండో తల కొంచెం పక్కకు వంగింది, ముందు అద్దంలో వెనక వస్తున్న కారును చూసినట్టుంది. ఒక చెయ్యి మెల్లగా పైకి లేచి, సిగ్గుపడ్డట్టు చెవి గోక్కుంది.

వెనకనుంచి చూస్తున్న ఇద్దరికీ ఏ తికమకా లేదు. అది దాపట చెయ్యి, దాపట చెవి.

"మనల్ని చూసింది సార్," అంది ఆశ ఏడుస్తూ.

పద్మనాభం తల కూడా మెల్లగా వెనక్కి తిరిగింది. అంతలో పచ్చదీపం పడింది, తెల్లకారు ఒక్కసారిగా ముందుకు దూకింది.